ఎండలు – వాదములు

వేసవి వచ్చినదనిన మన యిండ్లలో ముందుగ ఆవకాయ ముచ్చట రావలెను. ఇటీవల దానికంటెను ముందుగ వచ్చునది మఱియొకటి కలదు. అది "ఈ యెండలు పూర్వమునుండియు నున్నవా, లేక కాలమే మారినదా?" యను వాదము. రైలుబండిలోను, పెండ్లిపందిటిలోను, కచేరీ వరండాలోను ఈ వాదము విననివారు లేరు. మేమును అందు పాల్గొన్నవారమే. పాల్గొని, పిమ్మట సిగ్గుపడినవారము. ఆ సంగతి చెప్పుటకే ఈ నాలుగు మాటలు.

2024 సంవత్సరము మే నెల మొదటివారమున మేము ఏలూరు జిల్లా కామవరపుకోటలో మా మేనమామగారి యింట నుంటిమి. ఆ యూరు మెట్టసీమ. దక్షిణమున దూరముగ కొల్లేటి పల్లము, కాలువలు, చేపల చెరువులు; ఇచ్చట ఎఱ్ఱనేలలు, బోరుబావులు, పామాయిలు తోటలు, మామిడితోపులు. చైత్రమాస మింకను ముగియలేదు. రోహిణీకార్తెకు మూడు వారముల వ్యవధి యున్నది. అయినను ప్రొద్దున తొమ్మిది గంటలకే వీథిలో మనిషి సంచారము తగ్గుచుండెను. ఒకనాడు మధ్యాహ్న భోజనములైన పిమ్మట ముగ్గురము పంకా క్రింద చేరితిమి: మామయ్యగారు, ఏలూరిలో చదువు ముగించి వచ్చిన వారి మనుమడు, మేము.

"రోహిణికార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అన్నారటరా?" అని మామయ్యగారు ప్రారంభించిరి. "మన గుంటుపల్లి కొండలో బౌద్ధసన్యాసులు రెండువేల ఏళ్ల కిందటే రాయి తొలుచుకుని లోపల కూర్చున్నారు. వాళ్లకి ఎండ తగల్లేదనుకున్నావా?"

"రోళ్లు రోహిణిలో పగిలితే నాకేం అభ్యంతరం లేదు తాతయ్యా. చైత్రంలోనే పగులుతున్నాయి కదా!" అని మనుమడు.

ఇరువురును మమ్ము మధ్యవర్తిగ నుంచిరి. చదివిన నాలుగు ముక్కలు ప్రదర్శించుటకు అవకాశము దొరకినదని మాకు లోలోపల సంతోషమే. మేమిట్లు తీర్పు చెప్పితిమి.

మామయ్యగారి మాటలో నిజము లేకపోలేదు. మన దేశమున వడగాలి కొత్తది కాదు. వాయవ్యమునుండి పొడిగాలి వీచి, సముద్రపు గాలి లోపలికి రాక ఆలస్యమైనచో మన సీమ కాలును. 2002 లోను, 2003 లోను ఆంధ్రప్రదేశమున ఏడాదికి వేయిమందికి పైగ వడదెబ్బకు బలియైరి. 2015 మే నెలలో దేశమున రెండువేలమందికి పైగ మరణింపగా, అందు అధికులు రెండు తెలుగు రాష్ట్రములవారే. ఒకనాటి యెండను చూపి కాలము మారినదనుట తగదు. ఒకనాటిది వాతావరణము, ముప్పది యేండ్ల సగటు శీతోష్ణస్థితి.

అయితే ఆ సగటే మారుచున్నదని మనుమడనిన మాట అంతకంటెను నిజము. బొగ్గు కాల్చిన పొగవాయువు భూమిని వేడెక్కించునని స్వీడను దేశపు అరీనియస్ పండితుడు 1896 లోనే లెక్కగట్టెను. కావున ఇది నిన్న పుట్టిన వాదము కాదు. 1958 లో గాలి పదిలక్షల పాళ్లలో సుమారు 315 పాళ్లున్న ఆ వాయువు నేడు 420 దాటినది. మానవుడే భూమిని వేడిచేసెననుట నిస్సందేహమని ప్రపంచ శాస్త్రజ్ఞుల సంఘము 2021 నివేదికలో ప్రకటించెను. పూర్వము పదియేండ్లకొకసారి వచ్చు తీవ్రమైన వేడి, భూమి ఒక డిగ్రీ వేడెక్కినంతనే పదియేండ్లకు దాదాపు మూడుసార్లు వచ్చునని ఆ నివేదికయే చెప్పుచున్నది.

ఉట్టి నందుకొనబోవు పిల్లవాని తలచుకొనుడు. పూర్వము ఎన్నడో మిక్కిలి యెత్తుగ ఎగిరిననాడు మాత్రమే అందినది. ఇప్పుడు కాళ్లక్రింద ఎవరో పీట వేసిరి. నేడు ఉట్టి అందుట ఎగురుటచేతనా, పీటచేతనా యని తగవులాడుట వ్యర్థము. ఎల్‌నినో వచ్చిన యేడు పిల్లవాడు ఎక్కువ ఎగురును. పీట మాత్రము ఏడాదికేడాది ఎత్తగుచున్నది.

ఇచ్చట మనుమనికిని ఒక హెచ్చరిక చేసితిమి. ప్రతి యెండకును ఒకే కారణము చెప్పరాదు. 2016 మే 19 న రాజస్థానములోని ఫలోదిలో 51 డిగ్రీలు నమోదైనప్పుడు దానిని పరిశీలించిన శాస్త్రజ్ఞులు, ఆ వేడిలో మానవుని చేయి యున్నదని తమ లెక్కలలో రుజువు కాలేదని నిజాయితీతో వ్రాసిరి. గాలిలోని పొగమసి ఎండను కొంత అడ్డగించుటయు, సేద్యపు నీరు నేలను చల్లబఱచుటయు అచ్చట మార్పును మఱుగుపఱచియుండునని వారి యభిప్రాయము. మన 2015 నాటి వేడిని గాలిలోని తేమతో కూర్చి లెక్కించిన పరిశోధనలో మాత్రము మానవప్రభావము కనబడినది. తేమ సంగతి కొల్లేటివారికి చెప్పనక్కఱలేదు. మెట్టలో 44 డిగ్రీలకు చెమట ఆరును. పల్లములో 38 కే అది ఆరక ఒడలు ఉడుకును. మైదానములకు 40 డిగ్రీలు, తీరమునకు 37 డిగ్రీలు హద్దుగ నుంచి, మామూలును మించిన వేడిని కూడ చూచి వాతావరణశాఖ వడగాలిని నిర్ణయించుట ఇందుచేతనే.

మా తీర్పు ఇంకను సాగవలసినదే. అంతలో తోటవైపునుండి కేకలు వినబడినవి.

పామాయిలు గెలలు కోయుచున్న కూలివాడొకడు పడిపోయెను. సాయంకాలము లారీ వచ్చును, మధ్యాహ్నములోపల గెలలన్నియు గట్టు చేరవలెనని ఉదయము మామయ్యగారు చెప్పినప్పుడు మేమును ప్రక్కనే యుంటిమి. ఆ మాటలో తప్పు మాకు తోపలేదు. వాని ఒడలు కాలుచుండెను; మాటలు తడబడి పిమ్మట ఆగిపోయెను. మామయ్యగారు మజ్జిగ గ్లాసుతో పరుగెత్తిరి. స్మృతి లేనివాని నోట ఏదియు పోయరాదని మనుమడు వారించి, నీడకు చేర్చి, చొక్కా విప్పి, బిందెలతో నీరు గ్రుమ్మరించి విసరెను. 108 బండి వచ్చి తీసికొనిపోయెను. దైవకృపచే ప్రాణము దక్కినది.

బండి పోయిన పిమ్మట గట్టున కూర్చున్న ఒక కూలిస్త్రీని మేము, అలవాటుచొప్పున, "ఎండలు మునుపటికంటె పెరిగినవా అమ్మా?" అని యడిగితిమి. ఆమె కొంగుతో మొగము తుడుచుకొని, "ఏమోనండి బాబూ. పనికెళ్లే యేళ మాత్రం మారలేదండి" అనెను.

మా గంట తీర్పుకంటె ఈ యొక్క మాట బరువైనది. పూర్వమునుండియు ఉన్నదేననువాడు, కావున చేయవలసినదేమియు లేదనును. లోకమంతయు మారుచున్నదనువాడు, దూరదేశపు పొగగొట్టములను నిందించి ఊరకుండును. ఇద్దఱును వాదమున విరుద్ధులు, ఆచరణమున ఒక్కటే. ఇద్దఱి తోటలోను కూలివాడు మిట్టమధ్యాహ్నము ఎండలోనే యుండును. శాస్త్రజ్ఞులకు మిగిలిన లెక్కలు వారు చేసికొందురు. కారణము ఏదైనను ఫలము ఎవరి నెత్తిపై పడుచున్నదో చూచుటకు గొప్ప శాస్త్రమక్కఱలేదు.

కొల్లేటి చెరువులలో నీరు వేడెక్కినచో అందలి ప్రాణవాయువు తగ్గునని యెఱిగి చేపల యజమానులు రాత్రింబవళ్లు ఏరేటరు చక్రములు త్రిప్పింతురు. చేప చచ్చిన మదుపు పోవును. మనిషి పడినచో గుండె ఆగినదందురు. ఎండ పేరు లెక్కలో చేరకయే పోవును. మనకు చలివేంద్రము పెట్టు సదాచారము కలదు. కాని అది బాటసారికి బాటప్రక్కన పెట్టుదుము. మన కొఱకు చెమటోడ్చువానికి చేనిగట్టున పెట్టము. అహమ్మదాబాదు నగరము 2010 నాటి మరణములకు కన్నుతెఱచి 2013 లో ముందస్తు హెచ్చరికల ప్రణాళిక చేసికొన్నది. మన రాష్ట్రములోను మండలములవారీగ హెచ్చరికలు వచ్చుచున్నవి. అవి మన చేతి ఫోనులలో ఆగిపోక గట్టుదాక పోవలదా?

మన యింటిలోపలి సంగతియు మఱవరాదు. తాటాకు కప్పు పోయి స్లాబు వచ్చినది. అది పగలు త్రాగిన వేడిని రాత్రి వంటయింటిలో క్రక్కును. ఆ పొయ్యియొద్ద నుండు ఇల్లాండ్రును, పాచిపనికి వచ్చు స్త్రీలును ఈ వాదములలో ఎన్నడును మధ్యవర్తులు కారు. స్లాబునకు తెల్లసున్నము వేయించుట, ఎండ ముదురకమునుపే వంట ముగియునట్లు భోజనవేళ మార్చుకొనుట, పనిమనిషిని మధ్యాహ్నము రప్పింపకుండుట మనచేతనే యున్నవి.

మఱునాడు మామయ్యగారు వేకువ నైదింటికే పని మొదలిడి పదింటికి ఆపవలెననియు, కూలిలో దమ్మిడీ తగ్గింపరాదనియు చెప్పి, లారీవానిని ఒకదినము ఆగుమనిరి. ఆనాటి రాత్రియే తాతామనుమలు మరల గుంటుపల్లి కొండకడ వాదము ప్రారంభించిరి. మేము ఊరు విడుచునాటికి అది తెగలేదు. తెగకున్నను ఇప్పుడు మాకు విచారము లేదు. చదువరులును తమ యిండ్లలో వాదము కానిండు. కాని వాదమునకు కూర్చుండుటకు ముందు, తమ పనివారిలో ఎవరైన ఎండలో నున్నారేమో ఒకమారు లేచి చూడవలెనని మా ప్రార్థన.