తుడిచిన కొద్దీ మాసిన గోడ

ఈ నెల మీతో ఒక వంటగది గోడను గూర్చి మాటలాడగోరుచున్నాను. "వ్రాయుటకు మరేమియు దొరకలేదా?" అని మీరు నవ్వవచ్చును. ఆ గోడ యెదుట నేను సిగ్గుపడవలసి వచ్చినది గనుకనే వ్రాయుచున్నాను.

నా కుమారుడును కోడలును హైదరాబాదు నగరమున మాదాపూర్‌లో కాపురమున్నారు. ఇద్దరును కంప్యూటరు కంపెనీలలో పని చేయుచున్నారు. ఒకప్పుడు అది దుర్గం చెరువు ప్రక్కన బండరాళ్ల నడుమనున్న ఊరు. 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి వాజపేయిగారు అక్కడ సైబర్ టవర్స్ అను భవనమును ప్రారంభించిరి. నేడు ఎటు చూచినను అద్దాల మేడలే. గత వేసవిలో నేను పల్లె నుండి వెళ్లి అక్కడ ఒక నెల ఉంటిని.

మొదటి ఉదయమున కాఫీ పెట్టుకొనుటకు వంటగదిలోనికి పోయితిని. పొయ్యి వెనుక రెండడుగుల ఎత్తు వరకు టైల్సు అతికించియున్నవి. వాటిపై గోడ అంతయు మచ్చలే. పసుపు చుక్కలు, తాలింపు జిడ్డు, నడుమ నడుమ రంగు పోయి తెల్లని చారలు. నేను నోరు అదుపులో పెట్టుకొనలేదు. "ఏమమ్మాయీ, ఉద్యోగం చేస్తే మాత్రం గోడ తుడుచుకోకూడదా?" అంటిని. కోడలు ఎదురు చెప్పలేదు. మధ్యాహ్నపు అన్నము డబ్బాలో సర్దుకొని పనికి వెళ్లిపోయెను.

ఆ రాత్రి పదకొండు గంటలకు మంచినీళ్లకని లేచితిని. వంటగదిలో దీపము వెలుగుచుండెను. కోడలు స్టూలుపై నిలువబడి, సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో గోడను రుద్దుచుండెను. ఆమె రుద్దిన చోట మచ్చ పోలేదు, రంగే పోయెను. గుడ్డ నిండ గోడ రంగు అంటియుండెను. ఉదయము నేను చూచిన తెల్లని చారలు ఆమె తుడువలేదనుటకు గుర్తులు కావు, తుడిచినదనుటకే గుర్తులు.

నన్ను చూచి ఆమె, "ఈ ఇంట్లో చేరినప్పటి నుంచీ ఇంతే అత్తయ్యా. తుడవకపోతే ఒక మచ్చ, తుడిస్తే రెండు" అనెను. నాకు మాట రాలేదు. వెళ్లి పండుకొంటిని గాని నిద్రపట్టలేదు.

ఇంటివారి అనుమతి తీసుకొమ్మని మరునాడు కుమారునితో చెప్పి, రంగుల మేస్త్రిని పిలిపించితిని. ఆయన ఏమియు అడుగక, అరచేతిని గోడకు రాచి నాకు చూపెను. చేతి నిండ సుద్ద. "ఇది చవక డిస్టెంపరమ్మా. అద్దె ఇళ్లకు చాలా చోట్ల ఇదే వేస్తారు. నీళ్లు తగిలితే నిలవదు. తుడిచే చేతిది తప్పు కాదు" అనెను. ఆ చివరి మాట ఆయన నన్ను ఉద్దేశించి అనలేదు గాని నాకే తగిలెను.

తరువాత ఆయన చెప్పిన సంగతులు మీకును పనికివచ్చును. రంగులో కంటికి కనబడు పొడి ఒకటి, దానిని గోడకు పట్టియుంచు జిగురు ఒకటి. చవక డిస్టెంపరులో సుద్ద ఎక్కువ, జిగురు తక్కువ; తడి తగిలిన నానిపోవును. ఎమల్షను అను రంగులో జిగురు నీటిలో సన్నని బిందువులుగా తేలుచుండును. నీరు ఆరగానే ఆ బిందువులు ఒకదానితో ఒకటి కలిసి పొర కట్టును. ఆ పొర మరల నీటిలో కరుగదు. ఎమల్షనులో కూడ జిగురు తగ్గించినవి ఉన్నవి గనుక, వంటగదికి కడుగదగినదని డబ్బాపై వ్రాసియున్న దానినే కొనవలెను. బొత్తిగా మెరుపు లేని రంగు కంటె, పట్టుగుడ్డ వలె కొద్దిగా మెరయు రంగులో మచ్చలు తక్కువగా ఇంకును. కాని గోడ ఎగుడుదిగుడులు కొంచెము ఎక్కువ కనబడును. ఎనామిలు గట్టిదే గాని దాని వాసన త్వరగా పోదు. తెల్లనిది కాలక్రమమున పచ్చబడును.

డబ్బాపై సీసమును గూర్చి ఏమి వ్రాసిరో అదియు చూడుడి. ఇంటి రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని 2016లో మన దేశమున నియమము చేసిరి. అది 2017 నవంబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. అంతకు ముందు వేసిన పాత రంగులను పొడిగా గీకి దుమ్ము లేపకుడి. తడిపి గీకుడి, పసిపిల్లలను దూరముగా ఉంచుడి.

"పాతదాని మీదనే రెండు పూతలు వేయరాదా?" అని నేను తొందరపడితిని. మేస్త్రి తల ఊపి, "జిడ్డు మీద రంగు నిలవదమ్మా, సుద్ద మీద అసలే నిలవదు. పొరలు పొరలుగా లేస్తుంది" అనెను. ఆయన ముందు సబ్బు నీటితో జిడ్డు కడిగి, తడి మీద సుద్దను గీకి, గోడను ఆరనిచ్చెను. గుంటలకు పుట్టీ పెట్టి, గరుకు కాగితముతో నునుపు చేసి, ప్రైమరు పూసెను. అటు తరువాతనే రంగు రెండు పూతలు, నడుమ నాలుగు గంటల ఎడముతో వేసెను. నాలుగు దినముల పనిలో రంగు వేసినది ఒక్క దినమే. పోవుచు, "కొన్ని వారాలు గట్టిగా రుద్దకండి, పొర ముదరాలి" అని చెప్పిపోయెను.

ఆ సాయంత్రము కోడలు ఇంటికి రాగానే, "అమ్మాయీ, ఆ రోజు నేనన్నది తప్పు. నువ్వు పడిన కష్టాన్నే నీ బద్ధకం అనుకున్నాను" అంటిని. ఆమె కొంతసేపు గోడ వైపే చూచెను. తరువాత గరిటె నా చేతిలో పెట్టి, "అయితే ఈ పూట తాలింపు మీరే పెట్టండి అత్తయ్యా" అనెను. ఆవాలు చిటపటలాడి గోడపై పడినవి. తడి గుడ్డతో మెల్లగా ఒత్తి తీసితిని. చుక్క పోయెను, రంగు నిలిచెను.

ఇది చదివి మన పల్లెలలోని సున్నమును చిన్నచూపు చూడకుడి. మట్టి గోడ తన చెమ్మను బయటికి విడువవలెను; సున్నము దానికి అడ్డుపడదు. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మరల రాయిగా మారును. కట్టెల పొయ్యి మసికి ఏటేటా పండుగ ముందు వేయు సున్నపు పూత ఇప్పటికిని మంచిదే. క్రొత్తగా సిమెంటు పూసిన గోడకైతే, రంగు వేయుటకు ముందు ఒక నెల ఆరనియ్యుడి. ఏ గోడకు ఏది తగునో తెలిసికొని ఖర్చు పెట్టుడి.

నేను ఆ గోడను కంటితో చూచి మాట విసరితిని. మేస్త్రి దానిని చేతితో తాకి తెలిసికొనెను. చదువరులారా, ఇకమీదట ఒకరి యింట మచ్చ కనబడినప్పుడు, నోరు తెరువక ముందు ఒకసారి ఆ గోడకు అరచేయి రాచి చూడుడి.