తీగె చుట్ట

సంక్రాంతి సెలవులకు ఇంటికి పోతూ కరీంనగర్‌లో ఒక ఇనుప తీగె చుట్ట కొన్నాను. మా మక్కచేను కవ్వాల్ అడవి అంచున ఉంది. పుష్యమాసంలో అక్కడి రాత్రులు 10 డిగ్రీల కిందికి దిగుతాయి. బాపు గొంగడి కప్పుకొని మంచె మీద కావలి.

రష్యా మంచులో బతికే అడవిపందికి వెంట్రుకల కింద దట్టంగా ఉన్ని మొలుస్తుంది. మన పందికి అంత ఉన్ని లేదు. అయినా చలికి జంకదు. కంకి పాలు పట్టగానే మందగా దిగుతుంది.

"తీగెకు కరెంటిద్దాం బాపూ" అన్నాను.

"తీగెకు పందేదో మనిషేదో ఎరికైతదారా? నీళ్లు కట్టపోయినోడు తాకితే?"

2012లో పులుల అభయారణ్యమైన ఈ కవ్వాల్ పరిసరాల్లోనే, పందులకు పెట్టిన తీగెలకు పులులూ బలయ్యాయి. నేనిక మాట్లాడలేదు.

తెల్లారి చూస్తే నాలుగు సాళ్లు నేలపాలు. ఆ తీగెతో బీరపాదుకు పందిరి వేశాం.