తాడు కనపడింది గురూ!

సైబర్ టవర్స్ చౌరస్తాలో సాయంత్రం ఆరున్నరకి ఒకసారి నిలబడి చూడండి. బస్సులో వాళ్ళు బస్సులోనే, కార్లో వాళ్ళు కార్లోనే, ఫ్లైఓవర్ మీద వాళ్ళు ఫ్లైఓవర్ మీదే! ఎక్కడివాళ్ళక్కడే బొమ్మల్లా ఉంటారు. కదిలేది ఒక్క మెట్రో రైలే. అది మాత్రం మన నెత్తి మీదుగా రాయదుర్గం వైపు నిమ్మళంగా జారిపోతూ ఉంటుంది, సర్కస్‌లో తీగ మీద గొడుగు పట్టుకుని నడిచే అమ్మాయిలాగా!

సర్కస్ మాట ఊరికే రాలేదు లెండి. ఆ సాయంత్రం శిల్పారామానికి దగ్గర్లో ఒక టీ బండి దగ్గర నా మిత్రులు ముగ్గురు సర్కస్ మీదే కొట్టుకుంటున్నారు. అంటే, మాటలతోనే! నేను వెళ్ళేసరికి గ్లాసుల్లో టీ చల్లారిపోయింది, గొడవ మాత్రం పొగలు కక్కుతోంది.

ముగ్గురూ పేర్లు వెయ్యొద్దన్నారు. కాబట్టి మనమే పెట్టుకుందాం. ఒకాయన అమెరికాలో రెండేళ్ళు ఆన్‌సైట్ చేసి వచ్చినవాడు, వేగాస్ బాబు. రెండో ఆమె వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ టెస్టింగ్ చేసే అమ్మాయి, నన్ను ‘అన్నా’ అంటుంది కాబట్టి ఓరుగల్లు చెల్లె. మూడోవాడు గుడివాడ బావ. ఈ బావ చేసే ఉద్యోగం వింటే సినిమా ప్రియులైన మీరు కుర్చీలో ముందుకి జరుగుతారు. ఆయన గ్రాఫిక్స్ స్టూడియోలో పనిచేస్తాడు. హీరో గాల్లోకి ఎగిరినప్పుడు నడుముకి కట్టిన తాడు ఉంటుంది చూశారూ... దాన్ని బొమ్మలోంచి తుడిచేయడమే ఆయన పని! సెకనుకి 24 ఫ్రేములు. హీరో నాలుగు సెకన్లు ఎగిరితే 96 ఫ్రేముల్లో తాడు మాయం చెయ్యాలి.

ఇంతకీ గొడవ దేని గురించంటే, సర్క్ దు సొలేయ్. ఫ్రెంచిలో సూర్యుడి సర్కస్ అని అర్థం. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో వీధుల్లో కర్రకాళ్ళ మీద నడిచి ఆడుకునే కుర్రాళ్ళు 1984లో పెట్టిన కంపెనీ. జంతువులుండవు. పాట, వెలుగు, వేషం, దానిమీద విన్యాసం. సర్కస్‌నీ నాటకాన్నీ ఒకే రోట్లో వేసి దంచారన్నమాట.

లాస్ వేగాస్‌లో వాళ్ళ ‘ఓ’ అనే ప్రదర్శన ఉంది. 1998 అక్టోబరులో మొదలైంది. మన సైబర్ టవర్స్‌ని వాజపేయి గారు ప్రారంభించింది అదే ఏడాది నవంబరులో. ఒకే ఈడువాళ్ళు! ఆ ప్రదర్శనకి వేదికే ఒక కొలను. అందులో 15 లక్షల గ్యాలన్ల నీళ్ళు. ఇప్పుడు నటుడు నడిచిన చోటే మరు నిమిషంలో ఇంకొకడు పైనుంచి దూకి మునుగుతాడు.

“కళ్ళు చెదిరిపోయాయి గురూ! కానీ కథేంటో చచ్చినా అర్థం కాలేదు. నా టిక్కెట్టు డబ్బుతో ఇక్కడ ఓ ఏడాది సినిమాలు చూసేవాణ్ణి” అన్నాడు వేగాస్ బాబు.

“కథెందుకన్నా? పాట వింటే కథ అడుగుతమా?” అంది ఓరుగల్లు చెల్లె. ఆమె ఆ కంపెనీ వాళ్ళ ‘బజార్’ని చూసింది. 2018 నవంబరులో ముంబయిలో మొదటి ఆట వేసి, తర్వాత ఢిల్లీ తీసుకెళ్ళారు. “జుట్టుకు తాడు కట్టుకొని ఒకామె గాలిల తిరిగింది. నేను ఏడ్చిన. ఎందుకేడ్చిన్నో నాకే తెల్వదు. మన మల్లఖంబం కూడా పెట్టిన్రు. ఒక స్తంభం, దానిమీద మనిషి, అంతే!”

“అదే నా బాధ! మా ఊళ్ళో దొమ్మరాట ఆడేవాళ్ళు గడెక్కి అంతకంటే గొప్పగా చేసేవాళ్ళు. పళ్ళెంలో రూపాయి వెయ్యడానికి మనకి చేతులు రాలేదు. వాడు రంగు లైటు వేస్తే వేలు పోశాం. అయినా పులి లేదు, సింహం లేదు, అదేం సర్కసండీ?” అన్నాడు బావ.

పులి సంగతి బావకి నేనే చెప్పాల్సి వచ్చింది. పులి, సింహం, చిరుత, ఎలుగు, కోతి... వీటితో ఆటలు ఆడించకూడదని కేంద్ర ప్రభుత్వం 1998లో ఉత్తర్వు ఇచ్చింది. కంపెనీల వాళ్ళు కోర్టుకెళ్ళారు. 2001లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వే నిలబెట్టింది. 2011లో చిన్నపిల్లల్ని కూడా సర్కస్‌లో పెట్టకూడదని తీర్పు చెప్పింది. కాబట్టి 1970లో రాజ్‌కపూర్ ‘మేరా నామ్ జోకర్’లో చూపించిన డేరా గానీ, 1980లో ఎన్టీఆర్ ‘సర్కస్ రాముడు’ అయిన నాటి డేరా గానీ ఇక తెరమీదే చూసుకోవాలి. వీరఘట్టంలో పుట్టి, సొంత సర్కస్ కంపెనీ పెట్టి, ఛాతీ మీద ఏనుగుని నిలబెట్టుకున్న కోడి రామమూర్తి నాయుడు గారి కాలం అసలే వేరు.

గొడవ తెగలేదు. అసలు సంగతి అప్పుడు బయటపడింది. ఓరుగల్లు చెల్లె తన ఆఫీసులో వార్షికోత్సవం కమిటీలో ఉంది. పెద్దబాసుని పైనుంచి తాడు మీద వేదిక మీదకి దింపాలని ఆమె ఆలోచన. పొగ, లైట్లు, వెనక సంగీతం! “ముంబయిల చూసినట్టే చేస్తనన్నా” అంటోంది. కార్యక్రమాలు చేయించే వాళ్ళతో మాటలు కూడా అయ్యాయట.

నేను ఒక్క మాటన్నాను. “అమ్మా, తాడు మీద మనిషిని దించడం మన ఊళ్ళో వందేళ్ళ పైనుంచీ చేస్తున్నవాళ్ళున్నారు. వాళ్ళ ఆట ఒకసారి చూసిరా.”

అలా మరో వారానికి మేం నలుగురం సురభి వాళ్ళ ‘మాయాబజార్’ నాటకానికి వెళ్ళాం.

సినిమా చూసేవాళ్ళకి సురభి పరాయిది కాదు. 1932లో వచ్చిన మన మొదటి టాకీ ‘భక్తప్రహ్లాద’లో లీలావతి వేసిన సురభి కమలాబాయి ఆ కుటుంబాల ఆడపడుచే. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు గారు ‘కీచకవధ’ ఆడించారు. ఊరి పేరే వంశానికి ఇంటిపేరైంది. తాత, కొడుకు, కోడలు, మనవరాలు... ఇంటిల్లిపాదీ నటులే. ఒకప్పుడు ముప్పైకి పైగా సమాజాలుండేవి. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

తెర లేచింది. నారదుడు మబ్బులోంచి దిగాడు. వెనక వరసలో పిల్లలు “హాయ్!” అన్నారు. అభిమన్యుడి బాణం, ఘటోత్కచుడి బాణం గాల్లో ఎదురెదురుగా వచ్చి ఢీకొన్నాయి. టప్‌మని నిప్పురవ్వలు! హాలంతా ఈలలు. మా ముందు కూర్చున్న పెద్దాయన లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టాడు.

సరిగ్గా అప్పుడే గుడివాడ బావ నా చెవిలో గట్టిగా అన్నాడు.

“తాడు కనపడింది గురూ!”

ఔను, కనపడింది. సన్నటి గీతలా లైటులో మెరిసింది. పక్కన కాలేజీ కుర్రాళ్ళు కిసుక్కున నవ్వారు. పిల్లలు మాత్రం నవ్వలేదు. వాళ్ళకి తాడు కనపడలేదా? కనపడే ఉంటుంది. అడ్డు రాలేదు, అంతే.

బయటికొచ్చాక మళ్ళీ మొదలు! “తాడు కనపడితే మాయ పోయినట్టే. 1957లో కె.వి.రెడ్డి గారు, మార్కస్ బార్ట్‌లే కలిసి ఎస్వీఆర్ నోట్లోకి లడ్లు ఎగిరించారు. కంప్యూటర్లు లేవు. ఇప్పటికీ ఎవడూ పట్టుకోలేడు. అదీ పనంటే!” అన్నాడు బావ. “వేగాస్‌లో తాళ్ళు దాచనే దాచరు, నీకు కనపడేట్టే కడతారు. అందుకే గుండె ఝల్లుమంటుంది” అన్నాడు వేగాస్ బాబు. “నాకైతే నాటకం జర లెంగ్తీ అనిపించింది. కానీ ఆ తాడు ఎవరు గుంజుతున్నరో చూడాల్నన్నా” అంది ఓరుగల్లు చెల్లె.

ఆదివారం పొద్దున్నే హైటెక్ సిటీ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కాం. హఫీజ్‌పేట, చందానగర్, లింగంపల్లి. అద్దాల మేడలు వెనక్కి పోయాయి, అపార్టుమెంట్ల బాల్కనీల్లో ఆరేసిన బట్టలొచ్చాయి. దిగాక దగ్గర్లోనే సురభి కాలనీ. మన ఐటీ కారిడార్ అంచునే ఉంది. ఇటు నుంచి రోజూ లోకల్ రైల్లో ఆఫీసులకి వెళ్ళేవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలీదు. 2013లో పద్మశ్రీ అందుకుని, 2022లో కన్నుమూసిన ‘సురభి బాబ్జీ’ నాగేశ్వరరావు గారు ఇంతమందినీ కూడగట్టి నడిపిన చోటు ఇది.

ఒక వరండాలో నడివయసావిడ కిరీటానికి మెరుపు కాగితం అంటిస్తోంది. పక్కన లుంగీ కట్టుకున్న పెద్దాయన. అరచేతులు చూస్తే పని తెలిసిపోయింది. తాడు లాగే చేతులు!

“ఎగిరేది మా బావమరిది బాబూ. లాగేది నేను. నా చేతిలో తాడు జారిందనుకోండి, ఇంటికొచ్చి మా చెల్లెలికి మొహం ఎలా చూపిస్తాను? అందుకని జారదు” అన్నాడాయన నవ్వుతూ. ఆటకి ముందు ఎగిరేవాడు ఒకసారి ముడి చూసుకుంటాడు, లాగేవాడు ఇంకోసారి చూస్తాడు. ఇద్దరూ చూడందే తెర లేవదట.

ఓరుగల్లు చెల్లె తన బాసు సంగతి చెప్పింది. పెద్దాయన శ్రద్ధగా విన్నాడు. తర్వాత అడిగిందల్లా ఒక్కటే. “లాగేదెవరమ్మా? ఆయనకీ మీ బాసుకీ పరిచయం ఉందా?”

చెల్లె దగ్గర జవాబు లేదు. లాగేది యంత్రం. దాన్ని తిప్పేవాడు ఆ పూటకి కూలికొచ్చే మనిషి.

తిరుగు రైల్లో ఎవ్వరం మాట్లాడలేదు. హఫీజ్‌పేట దాటాక వేగాస్ బాబే మొదలుపెట్టాడు. 2013 జూన్‌లో అదే వేగాస్‌లో, అదే కంపెనీ వాళ్ళ ‘కా’ అనే ప్రదర్శనలో ఒక కళాకారిణి ఆట మధ్యలో తీగ తెగి కిందపడి చనిపోయింది. ఇద్దరు పిల్లల తల్లి. ఆ కంపెనీ చరిత్రలో ప్రదర్శన మధ్యలో పోయిన మొదటి ప్రాణం. “చాలామంది అదీ ఆటలో భాగమే అనుకున్నార్ట” అన్నాడు మెల్లగా.

అంతదూరం ఎందుకు? 2024 జనవరిలో మన నగర శివార్లలోనే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ రజతోత్సవం జరిగింది. కంపెనీ అధిపతినీ, ఇంకో పెద్ద అధికారినీ బోనులాంటి దాంట్లో నిలబెట్టి పైనుంచి వేదిక మీదకి దింపుతున్నారు. ఒక పక్క గొలుసు తెగింది. అధిపతి చనిపోయాడు. రెండో ఆయనకి తీవ్ర గాయాలు. సంగీతం, లైట్లు, చూస్తున్న ఉద్యోగులు... అందరూ అక్కడే ఉన్నారు. ఈ కారిడార్లో ఆ వార్త చదవనివాడు లేడు. అయినా ఏడాది తిరిగేసరికి మళ్ళీ ఇంకెవరినో పైనుంచి దింపాలనిపిస్తుంది. మాయ మీద మనకున్న మోజు అలాంటిది!

అప్పటిదాకా కిటికీలోంచి చూస్తున్న గుడివాడ బావ ఉన్నట్టుండి అన్నాడు. “ఇన్నేళ్ళుగా తాళ్ళు తుడుస్తున్నాను కదా... ఆ తాడు రెండో కొస ఎవరి చేతిలో ఉందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు గురూ. వాడు ఫ్రేములో ఉండడు మరి!”

చూశారా, గొడవంతా తాడు కనపడిందా లేదా అన్నదాని మీదే నడిచింది. ఎవరి మాటా తప్పు కాదు. కథ కావాలనేవాడికి కథ కావాలి, పులి కావాలనేవాడికి పులి కావాలి, ఊరికే చూసి ఏడవాలనిపించేవాళ్ళు ఏడుస్తారు. టిక్కెట్టు కొన్నవాడికి ఆ హక్కుంది. కానీ ఎగిరేవాడి ప్రాణం మన అభిప్రాయం మీద ఆధారపడి లేదు. రెండో కొస పట్టుకున్న ఆ చేతుల మీద ఉంది. వేగాస్ అయినా, లింగంపల్లి అయినా అంతే.

అన్నట్టు, మీరడిగే ముందే చెప్పేస్తాను. ఆ బాసుగారు ఈసారి మెట్లెక్కే వేదిక మీదకి వస్తున్నారు. ఓరుగల్లు చెల్లె కమిటీలో పట్టుబట్టింది. తాడు బదులు సురభి నాటకం పెట్టిద్దామంది. దానికి తగిన పారితోషికం కూడా రాయించింది. కమిటీలో సగంమంది “పాత నాటకం ఎవడు కూర్చుని చూస్తాడు?” అంటున్నారు. మిగతా సగం “బాణాలు ఢీకొనేదే కదా, పెట్టండి” అంటున్నారు. తారీఖు ఇంకా తేలలేదు.

తేలితే మాత్రం గుడివాడ బావ మొదటి వరసలో కూర్చోడట. పక్క తెర దగ్గర, తాడు లాగేవాళ్ళ వెనకాల, ఒక స్టూలు వేయించమన్నాడు!