బిల్లి గిన్నె

బిల్లి మూతి పెట్టిన నీళ్లతో వుజూ చేసుకోవచ్చు. దాని పేషాబ్ మాత్రం నాపాక్. మన ఇళ్లలో బిల్లి బతుకంతా ఈ రెండు మాటల మధ్యే.

రాజమండ్రిలో మా అమ్మీకి జానిమాజ్ పరిచే మూలే బద్‌బూ కొట్టింది. "సంచిలో వేసి గోదావరి అవతల వదిలేసి రా బేటా" అంది. ఆమె మాటా గలత్ కాదు.

గోదావరి ఒడ్డున పుట్టినా బిల్లిది ఎడారి నస్ల్. ప్యాస్ తక్కువ, పేషాబ్ చిక్కన. అందులోని యూరియా విరిగి అమ్మోనియా అయితే ఆ ఘాటు. ప్యాకెట్ గింజల్లో తేమ పదో వంతే. చేపలో దాదాపు ముప్పావు వంతు. అందుకని గింజలు తగ్గించాం. చేపో కోడి ముక్కలో ఉప్పూ కారం లేకుండా ఉడికించి, ముళ్లూ ఎముకలూ తీసి, ఆ నీళ్లతోనే కలిపి పెట్టాం. పాత మరకల్ని సిర్కా నీళ్లతో కడిగాం. పదిహేను రోజులకి అమ్మీ మళ్లీ ఆ మూలకే వెళ్లింది.

పచ్చి చేప రోజూ పెడితే బి1 విటమిన్ తగ్గిపోతుంది. ఉల్లి, వెల్లుల్లి పడ్డ సాలన్ బిల్లికి జహర్. మగదానికి ఆపరేషన్ చేయించకపోతే ఖురాక్ ఒక్కటే చాలదు. ముక్కుతున్నా చుక్క రాకపోతే అదే రోజు పశువుల డాక్టర్‌కి చూపించాలి, లేకపోతే జాన్‌కే ఖతరా.

సంచి వెతికే ముందు దాని గిన్నెలోకి ఒకసారి చూడండి.