సరయు ఎక్కడికి పోయింది

2025 మార్చి 31, సోమవారం. పెండ్లిమర్రి

నిన్న ఉగాది. ఈ పొద్దు పేపరు తెరిస్తే మయన్మార్ భూకంపం. 28వ తేదీన 7.7 తీవ్రతతో భూమి కదిలింది. మన నౌకాదళం ఓడలు రెండు 40 టన్నుల సాయం సామగ్రితో యాంగోన్ దారి పట్టాయి. ఒకటి సాత్పురా, ఇంకోటి సావిత్రి.

సావిత్రి పేరు దగ్గర కండ్లు ఆగిపోయాయి. కోడలు కాఫీ తెచ్చి పెట్టి, చల్లారిపోతాంది మామా అని రెండుసార్లు చెప్పింది. 1990 నవంబరులో నౌకాదళంలో చేరిన ఓడ అది. ఇప్పుడు నడిచేది 35వ ఏడు. ఉప్పునీళ్లలో ఇనుము అన్నేండ్లు నిలవడం ఊరికే జరిగే పని కాదు. డాక్‌లోకి ఎక్కించి, తుప్పు గీకి, పలచబడిన ప్లేటు కోసేసి, కొత్తది అతికి, రంగేసి మళ్లీ నీళ్లలోకి దింపాలి. ఇన్నేండ్లలో ఎన్ని చేతులు పడి ఉంటాయో. ఆ చేతుల్లో మొదటి వరసలో నావీ ఉన్నాయి.

విశాఖ వదిలి ఊరు చేరి 20 ఏండ్లు దాటింది. అక్కడ మేం కట్టిన నాలుగు ఓడల సంగతి ఎప్పుడో రాసి పెట్టుకోవాల్సింది. మనుమడు సగం రాసి వదిలేసిన నోటుబుక్కు దొరికింది. ఇందులోనే రాస్తాను.

ఏప్రిల్ 1, మంగళవారం

నాయన కమ్మరి. కర్రు సాగగొట్టడం, బండి చక్రానికి పట్టా ఎక్కించడం, కొడవళ్లకు కక్కు కొట్టడం ఆయన పని. తిత్తి ఊదడం నా పని. కడప ఐటీఐలో వెల్డింగ్ నేర్చుకుని 1986లో విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డులో చేరాను. అంతకుముందు నేను చూసిన పెద్ద నీళ్లంటే వానకాలంలో పాపాఘ్నికి వచ్చేవే. మొదటి రోజు స్లిప్‌వే మీద నిలబెట్టిన ఓడ అడుగున నిలబడి తలెత్తి చూశాను. మెడ నొప్పెట్టింది. ఇంత ఇనుము నీళ్లలో తేలుతుందంటే నాయన నమ్మడు అనుకున్నాను. ఆయన మాత్రం నమ్మాడు. "గిన్నె తేలదా ఏంది" అన్నాడంతే.

ఆ యార్డును వాల్‌చంద్ హీరాచంద్ 1941లో మొదలుపెట్టాడు. అక్కడ కట్టిన తొలి ఓడ జలఉషను 1948 మార్చిలో నెహ్రూ నీళ్లలోకి వదిలాడు. సీనియర్లు ఆ మాట నిన్న జరిగినట్టు చెప్పేవాళ్లు.

మేం చేరిన కొన్నాళ్లకు నౌకాదళం గస్తీ ఓడల పని వచ్చింది. మొత్తం ఏడు ఓడలు. సుకన్య, సుభద్ర, సువర్ణ అనే మొదటి మూడింటిని కొరియాలో కట్టించారు. మిగిలిన నాలుగూ మా దగ్గర. సావిత్రి, సరయు, శారద, సుజాత. పొడవు 100 మీటర్ల పైచిలుకు. అన్నీ ఎక్కించాక బరువు దగ్గర దగ్గర 1,900 టన్నులు. రెండు డీజిల్ ఇంజన్లు. 21 నాట్ల వేగం. వెనక హెలికాప్టరు దిగే తలం, ముందు 40 మిల్లీమీటర్ల తుపాకి ఒక్కటి. క్షిపణులు లేవు, టార్పెడోలు లేవు. దూరంగా పోవాలి, చాలా రోజులు ఉండాలి, చూస్తూ తిరగాలి. దాని పని అది.

ఏప్రిల్ 3, గురువారం

సరయు అడుగు ట్యాంకుల గురించి రాయాలి. ఇది రాయకపోతే మిగతాదంతా రాసీ లాభం లేదు.

ఓడకు అడుగు రెండు పొరలు. ఆ రెండింటి నడుమ నడుమెత్తుకు మించని గదులు. వాటిలోనే ఇంధనం నింపుతారు. మ్యాన్‌హోల్లోంచి పాకుతూ దిగాలి. పొగ లాగేసే గొట్టం ఒకటి పక్కనే గుర్రుమంటూ ఉంటుంది. వెల్లకిలా పడుకుని పైకి వెల్డింగ్ చేస్తుంటే నిప్పు రవ్వలు మెడలోకి, చొక్కాలోకి రాలతాయి. కరిగిన ఇనుము కిందికి జారకుండా పట్టుకోవడమే అక్కడ విద్య. రాడ్డు కాస్త తొందరగా లాగితే లోపల బుడగ మిగులుతుంది. పైకి ఏమీ కనపడదు. ఎక్స్‌రే ఫిలింలో మాత్రం నల్లచుక్కగా పడుతుంది.

నా జాయింటు ఒకటి రెండుసార్లు తప్పింది. మొదటిసారి బుడగలు. అంతా గ్రైండింగ్ చేసి మళ్లీ వేశాను. రెండోసారి స్లాగు చిక్కుకుంది. తప్పు నాదే. ఆ వారం ఇంటి నుంచి నాయనకు బాగాలేదని ఉత్తరం వచ్చింది, చెయ్యి నిలవలేదు. ఫోర్‌మన్ నన్ను ఒక్క మాట అనలేదు. "ఇంటికి పోయి నాయనను చూసి రా, ఈ జాయింటు నువ్వే ముగించాల" అన్నాడు. వచ్చి మూడోసారి వేశాను. ఫిలిం తెల్లగా వచ్చింది. ఆ ఫిలింను వెలుతురుకు పెట్టి ఎంతసేపు చూశానో.

1991 అక్టోబరు 8న సరయు నౌకాదళంలో చేరింది. అదే నెల 27న శారద. 19 రోజుల తేడాలో రెండు ఓడలు అప్పజెప్పాం. సరయు ఒంటి మీద 54 అంకె రాశారు.

ఏప్రిల్ 6, ఆదివారం. శ్రీరామనవమి

గుడి దగ్గర పందిట్లో పానకం, వడపప్పు పంచారు. ఒంటిమిట్టలో ఈ పొద్దే బ్రహ్మోత్సవాలు మొదలు. పందిట్లో కథ చెప్పేటాయన రాముడు అవతారం చాలించిన చోటు దాకా వచ్చాడు. సరయు నది అన్నప్పుడల్లా నాకు నదికి ముందు ఓడ కనపడుతుంది. 34 ఏండ్లుగా ఇంతే.

2000 డిసెంబరులో మన దేశం సరయును శ్రీలంకకు ఇచ్చింది. నౌకాదళంలో తొమ్మిదేండ్లే ఉంది. అప్పటికి నేనింకా యార్డులోనే ఉన్నాను. పేరు సయుర అని మార్చారు. సింహళంలో ఆ మాటకు సముద్రమని అర్థమట. ఆ రోజు క్యాంటీన్లో మేం నలుగురం దాని గురించే మాట్లాడుకున్నాం. కొందరికి గర్వం, మన ఓడ వేరే దేశానికి పెద్ద ఓడ అయిందని. నాకు ఎందుకో మనసు ఒప్పలేదు. అక్కడ ఎల్టీటీఈతో యుద్ధం నడుస్తోంది కదా.

ఇంకొక సంగతి ఇక్కడే రాయాలి. 1991 మే 21న రాజీవ్ గాంధీ ఎన్నికల ప్రచారానికి విశాఖ వచ్చారు. సరయును మా వాళ్లు అప్పటికింకా సిద్ధం చేస్తూనే ఉన్నారు. ఆ సాయంత్రం ఆయన విశాఖ నుంచే మద్రాసుకు విమానం ఎక్కారు. రాత్రి శ్రీపెరుంబుదూరులో ఎల్టీటీఈ మనిషి బాంబుకు బలైపోయారు. మరుసటి రోజు ఊరంతా మూగబోయింది. అప్పుడు నాకు వచ్చిన కోపం అబద్ధం కాదు. పదహారేండ్ల తర్వాత వచ్చిన బాధా అబద్ధం కాదు.

2007 సెప్టెంబరు. శ్రీలంక నౌకాదళం తమ దేశపు దక్షిణ కొస నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం పోయి, ఆయుధాలు తెచ్చి పెట్టే ఎల్టీటీఈ ఓడలు మూడింటిని ముంచేసింది. అక్టోబరులో ఇంకొకటి. పేపర్లో చిన్న వార్త చదివి పక్కన పెట్టాను. అందులో ఓడల పేర్లు లేవు. కొన్నాళ్లకు విశాఖ నుంచి పాత స్నేహితుడు ఫోన్ చేశాడు. "ఒరే, ముంచడానికి పోయినవాటిలో మన సరయు ఉందిరా" అన్నాడు. రెండోది సముదుర, అమెరికా కోస్ట్‌గార్డు వాడి వదిలిన పాత ఓడ. తీరం దగ్గర తిరిగే చిన్న పడవలు అంత దూరం పోలేవు. పోయి రావాలంటే కడుపు నిండా ఇంధనం పట్టే ఓడ కావాలి అన్నాడు.

ఇంధనం అన్నాడు కదా, నాకు ఆ ట్యాంకే గుర్తొచ్చింది. ఆ జాయింటు నిలిచింది అనుకున్నాను. మొదట వచ్చిన ఆలోచన అదే. సంతోషంగా కూడా అనిపించింది. మునిగిన ఓడల్లో మనుషులున్నారన్న ఆలోచన ఆ తర్వాత వచ్చింది. ఎంత తర్వాత? ఫోన్ పెట్టేసి, అన్నం తిని, చెయ్యి కడుక్కునేటప్పుడు. ఆ నడుమ గడిచిన సేపు నన్ను ఇప్పటికీ వదలదు.

ఏప్రిల్ 7, సోమవారం

రాత్రి నిద్ర పట్టలేదు. నాయన సంగతి రాస్తే గానీ నిన్నటిది పూర్తి కాదు.

మా కొలిమికి ఎవరన్నా కత్తి పనికి వస్తే నాయన మొదట అడిగేది ఒకటే. "యా పనికిరా ఇది?" కంప కొట్టడానికా, మేకలకు ఆకు కోయడానికా, చెప్పాల్సిందే. చెప్పకపోతే ఇనుము వెనక్కి ఇచ్చేసేవాడు. అర్ధరాత్రి తలుపు తట్టి అడిగినవాళ్లకు ఎన్నడూ కొలిమి రాజెయ్యలేదు. ఒకసారి మాత్రం, కంప కొట్టేదానికే అని నమ్మి చేసిచ్చిన మచ్చుకత్తి మనిషి మీద పడింది. ఎవరు, ఎవరి మీద అనేది ఇక్కడ రాయను. నాయన మూడు రోజులు కొలిమి ముట్టలేదు. డాకలి పక్కన కూర్చుని సమ్మెట వైపు చూస్తూ ఉండేవాడు. అమ్మ అడిగితే, "చేసింది నేనే గదా, యాడికి పోయిందో నాకు తెలియకపోతే ఎట్లా" అన్నాడు. నాలుగో రోజు తెల్లారి లేచి బొగ్గులేశాడు. రైతులు కర్రులు పట్టుకుని నిలబడి ఉన్నారు మరి.

నేను ఎవరినీ అడగలేదు. వెల్డరు అడిగేదేముంది? ప్లేటు వస్తుంది, గీత గీస్తారు, అతుకుతాం. అయినా ఆ ఓడ చేసిన పనిలో నాకు పాలు లేదని చెప్పుకోలేను. ఆ ఎల్టీటీఈ ఓడల్లో వచ్చే ఆయుధాలు దిగి ఉంటే ఇంకెందరు చచ్చేవాళ్లో, అదీ నిజమే. మునిగిన వాళ్లను కన్న తల్లులు ఎక్కడో ఒక ఊళ్లో ఎదురుచూసి ఉంటారు, అదీ నిజమే. ఈ రెండింటిలో ఒకటి రాసి ఇంకోటి వదిలేస్తే అది దొంగలెక్క.

ఏప్రిల్ 9, బుధవారం

మిగతా మూడింటి సంగతి తొందరగా.

సుజాత 2019 మార్చిలో మొజాంబిక్ పోయింది. ఇదాయి తుపాను బెయిరా ఊరిని ముంచేసినప్పుడు శిక్షణకు తిరుగుతున్న మన ఓడలను అటు మళ్లించారు. సుజాత, శార్దూల్, కోస్ట్‌గార్డు సారథి. తిండి, మందులు, వైద్యులు. సుజాత మీద కొత్త నావికులు పని నేర్చుకుంటారు. కాబట్టి అక్కడ జనాన్ని ఎత్తి దించినవాళ్లలో ఇరవై ఏండ్ల పిల్లలు ఉండే ఉంటారు.

శారద 2024 ఫిబ్రవరి 2న సోమాలియా తూర్పు తీరంలో ఒమారీ అనే ఇరాన్ చేపల పడవను విడిపించింది. ఏడుగురు సముద్రపు దొంగలు దాన్ని పట్టుకున్నారు. పడవలో 19 మంది, 11 మంది ఇరాన్‌వాళ్లు, ఎనిమిది మంది పాకిస్తాన్‌వాళ్లు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఈ వార్త టీవీలో వచ్చినప్పుడు ఇంట్లో ఒక్కణ్ణే ఉన్నాను. లేచి నిలబడి చూశాను.

సావిత్రి 2021లో కరోనా కాలంలో బంగ్లాదేశ్‌కు రెండు ఆక్సిజన్ ప్లాంట్లు మోసుకుపోయింది. ఇప్పుడు యాంగోన్.

పేపర్లో పడినవి ఇవే. మిగతా రోజులన్నీ ఏం చేశాయి? తిరిగాయి. మా చిన్నప్పుడు ఊళ్లో తలారి రాత్రంతా కర్ర తాటిస్తూ తిరిగేవాడు. దొంగ పడిన రాత్రి మాత్రమే అందరూ ఆయన గురించి మాట్లాడేవాళ్లు. దొంగ పడని రాత్రులే ఆయన అసలు సంపాదన. గస్తీ ఓడదీ అదే బతుకు. పోయినచోట ఏమీ జరగలేదంటే పని జరిగినట్టే. దాన్ని ఎవరూ రాయరు, నేనన్నా రాస్తున్నాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

ఈ రాత్రి ఒంటిమిట్టలో సీతారాముల కల్యాణం, పండు వెన్నెల్లో. కొడుకు కారులో అందరం పోతున్నాం. మధ్యాహ్నం మనుమడు ఈ నోటుబుక్కు తీసి చదివాడు. నాది కదా అని అడగలేదు, చదివి తిరిగి అక్కడే పెట్టాడు. తర్వాత పెరట్లో వేపచెట్టు కింద ఉన్న డాకలి దగ్గరికి పోయి దాని మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. "తాతా, సరయు ఇప్పుడు మనకు లేదా?" అన్నాడు.

ఉందని చెప్పాను. గోవా షిప్‌యార్డులో కట్టిన కొత్త సరయు 2013 జనవరిలో నౌకాదళంలో చేరింది. అదీ గస్తీ ఓడే, మాదానికంటే కాస్త పొడుగు. పాతదాని మీద ఉన్న 54 అంకెనే దానికీ ఇచ్చారు.

"మరి నువ్వు చేసిందాని మీద?"

మేం కట్టిన ఓడకు శ్రీలంక ఇచ్చిన అంకె 620.