బెర్తాకు పెద్ద మోటారు

మోడల్ రాకెట్ కిట్ కొని, కాగితంలో చెప్పినట్టే అతికించి ఎగరేస్తే ఆనందమే. అందులో ఒక్క భాగం మార్చి చూడండి, మిగతా భాగాలన్నీ ఎందుకు అలా ఉన్నాయో అప్పుడు తెలుస్తుంది.

ఎస్టెస్ కంపెనీ వాళ్ల బిగ్ బెర్తా రాకెట్ కిట్ 1960ల నుంచి అమెరికా పిల్లల చేతుల్లో ఉంది. రెండడుగుల పొడవు, నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు లావున్న అట్ట గొట్టం, నాలుగు పెద్ద బాల్సా రెక్కలు, గుండ్రటి ముక్కు. బొద్దుగా ఉంటుంది, తీరిగ్గా పైకి లేస్తుంది. నాకు నచ్చేదీ ఆ తీరికే. మా అమ్మాయికి మాత్రం అది చాలలేదు. "నాన్నా, దీనికి డీ మోటారు పెడదాం" అంది.

మోటారు పేరులో అక్షరం ఒకటి ముందుకు జరిగితే అది ఇచ్చే మొత్తం తోపు హద్దు రెట్టింపవుతుంది. సీ తరగతికి 10 న్యూటన్ సెకన్లు హద్దయితే డీకి 20. బెర్తాకు కిట్‌లో వచ్చే అమరిక 18 మిల్లీమీటర్ల మోటారుది. డీ తరగతిలోని డీ12 మోటారు లావు 24. లోపలి గొట్టం, దాన్ని నడిమధ్య నిలిపే రింగులు, మోటారు జారిపోకుండా పట్టే కొక్కెం మార్చాలి. ఇదంతా కత్తెర, జిగురు పని. అసలు చిక్కు బరువుతో వస్తుంది. సీ తరగతిలోని సీ6 మోటారు సుమారు 24 గ్రాములు, డీ12 నలభై దాటుతుంది. పెరిగిన బరువంతా తోకలోనే.

రాకెట్ తిన్నగా పోవాలంటే దాని గురుత్వ కేంద్రం ముందుండాలి, గాలి ఒత్తిడి కేంద్రం వెనకుండాలి. రెండింటి మధ్య కనీసం గొట్టం లావంత దూరం ఉండాలంటారు. తోక బరువెక్కితే గురుత్వ కేంద్రం వెనక్కి జరిగి ఆ దూరం తగ్గుతుంది. మరీ తగ్గితే రాకెట్ గాల్లో పల్టీలు కొడుతుంది. ఒత్తిడి కేంద్రం ఎక్కడుందో కాగితం మీదే తేల్చుకునే సూత్రాలను 1960లలో నాసా ఇంజనీరు జేమ్స్ బారోమన్ ఈ అభిరుచి ఉన్నవాళ్లకు అందించాడు. అంతరిక్ష సంస్థలో పనిచేసే మనిషి, బడిపిల్లలు కూడా వేసుకోగల లెక్క తయారు చెయ్యడం నాకు ఎంతో గొప్పగా తోస్తుంది.

లెక్క వేశాక చేత్తోనూ చూసుకోవాలి. మోటారు, పారాచూట్, అది కాలకుండా పెట్టే కాగితం, అన్నీ ఎక్కించి, రాకెట్ సమంగా తూగే చోట దారం కట్టి తల చుట్టూ తిప్పాలి. ముక్కు ముందుకు సాగితే సరే. మా బెర్తా ముక్కు తడబడింది. గొట్టం పొడిగించినా సరిపోయేదే కానీ ఆ బొద్దుతనం పోతుంది. అందుకే బోలు ముక్కులో బంకమట్టి కూరి, ఎపాక్సీతో కదలకుండా చేశాం. బరువు పెరిగి ఎత్తు కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి. తిన్నగా పోవడమే ముఖ్యం.

ఇన్ని మార్చినా మోటారు లోపల మాత్రం చెయ్యి పెట్టకూడదు. 1950లలో కుర్రాళ్లు సొంతంగా ఇంధనం కలిపి వేళ్లు, కళ్లు పోగొట్టుకునేవారు. అది చూసి కలవరపడి ఆ ప్రమాదాల గురించి వ్యాసాలు రాసిన హ్యారీ స్టైన్‌కు, నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్ 1957లో తన సురక్షితమైన మోటారు నమూనాలు పంపాడు. తయారు మోటారు మార్చి మార్చి వాడుకునే ఈ పద్ధతి అక్కణ్నుంచి వచ్చిందే. దూరాన నిలబడి కరెంటుతో ముట్టించడమూ అందుకే. ఈ ఒక్క విషయంలో మా అమ్మాయి ఎంత బతిమాలినా నేను మెత్తబడను.

ఇప్పుడు రెక్కలు తనే గీసి కోస్తానంటోంది. బాల్సా చెక్క నార రెక్క ముందంచు వెంబడే సాగాలని, అడ్డంగా కోస్తే నేల తగలగానే విరుగుతుందని చెప్పాను. రెక్క సైజు మారితే ఒత్తిడి కేంద్రమూ మారుతుంది కాబట్టి, కత్తి ఇచ్చే ముందు బారోమన్ లెక్క మళ్లీ వేయించాలి.