అండమాన్ ఇసుకలో మధుమేహ పాదాలు

మన తరం వారికి తీర్థయాత్ర తెలిసినంతగా విహారయాత్ర తెలియదు. ఉద్యోగ విరమణ చేసిన దంపతులు కాశీ వెళ్ళివస్తే బంధువులు కాళ్ళకు నమస్కరిస్తారు. సముద్రపు ఒడ్డున అయిదు రోజులు ఊరికే కూర్చుని వచ్చామంటే మాత్రం, ఈ వయసులో ఇదేమి సరదా అన్నట్టు చూస్తారు. ఆ మధ్య ఒక జనవరిలో మేమిద్దరం అండమాన్ దీవులకు ప్రయాణమైనప్పుడు వరసకు పిన్ని అయిన ఒక పెద్దావిడ, "అక్కడ ఏ దేవుడున్నాడు నాయనా?" అని అడిగింది. దేవుడి కోసం కాదు పిన్నీ, గాలి కోసం అన్నాను. ఆవిడకు నచ్చలేదు.

నా శ్రీమతికి 69 ఏళ్ళు, నాకు 74. ఆమెకు 19 ఏళ్ళుగా మధుమేహం ఉంది. పుట్టి పెరిగింది భీమునిపట్నంలో. చిన్నతనమంతా చెప్పులు లేకుండా ఇసుకలో తిరిగిన మనిషి. పెళ్ళయ్యాక నా ఉద్యోగం పుణ్యమా అని మన్యం ప్రాంతపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల క్వార్టర్లలో ఏళ్ళు గడిపింది. ఇన్నేళ్ళలో నన్ను ఫలానా చోటికి తీసుకువెళ్ళమని అడిగింది ఒక్కసారే. "ఎక్కడికైనా సరే, జనం తక్కువగా ఉండే సముద్రం. ఒట్టి కాళ్ళతో ఇసుకలో నడవాలి" అంది.

పాఠకులలో మధుమేహం ఉన్నవారికి ఇక్కడి చిక్కు వెంటనే అర్థమై ఉంటుంది. ఆమె అరికాళ్ళలో స్పర్శ తగ్గి నాలుగేళ్ళయింది.

చాలాకాలం రక్తంలో చక్కెర అధికంగా ఉంటే నరాలు దెబ్బతింటాయి. శరీరంలో అతి పొడవైన నరాలు పాదాలకు వెళ్ళేవి కనుక నష్టం సాధారణంగా కాలివేళ్ళ దగ్గర మొదలై పైకి పాకుతుంది. మొదట్లో తిమ్మిరి, మంట, సూదులు గుచ్చినట్టు ఉండవచ్చు. కొందరికి అవి కూడా ఉండవు, స్పర్శ మాత్రం చడీచప్పుడు లేకుండా పోతుంది. దీనిని కనిపెట్టడానికి ఖరీదైన యంత్రమేమీ అక్కర్లేదు. మోనోఫిలమెంట్ అనే నైలాన్ పోగు ఒకటి ఉంటుంది. సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడి పడగానే అది వంగుతుంది. రోగిని కళ్ళు మూసుకోమని అరికాలిలో కొన్ని చోట్ల దానిని ఆనించి, తెలిసిందా అని అడుగుతాం. ప్రయాణానికి పది రోజుల ముందు ఆమెకు ఏటా చేసే పరీక్షే మళ్ళీ చేశాను. ఎడమ పాదంలో మూడు చోట్ల, కుడి పాదంలో రెండు చోట్ల తెలియలేదు. అయితే పాదం పైభాగాన, చీలమండ వెనుక నాడి చక్కగా అందుతోంది. అంటే రక్తప్రసరణ బాగుంది. అంతకుముందు ఎన్నడూ పుండు పడలేదు. ఈ రెండూ ఊరట కలిగించే విషయాలే.

స్పర్శ తగ్గినవారు ఇంట్లో కూడా ఒట్టి కాళ్ళతో నడవరాదన్నది వైద్యశాస్త్రం చెప్పే నియమం. నేను వేలమందికి చెప్పాను. ఇసుక సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. ఎండ మండే వేళ పొడి ఇసుక యాభై డిగ్రీలు దాటవచ్చు. మనలాంటివారు ఒక్క అడుగు వేసి అబ్బా అని ఎగిరి గంతేస్తాం. స్పర్శ లేనివారు అదే ఇసుకలో కబుర్లు చెప్పుకుంటూ నడిచిపోతారు.

జిల్లా ఆసుపత్రిలో పనిచేసే రోజుల్లో ఒక వేసవిలో చూసిన రోగి నాకు ఇప్పటికీ గుర్తున్నాడు. అరవై దాటిన రైతు. మొక్కు తీర్చుకోవడానికి మిట్టమధ్యాహ్నం గుడి చుట్టూ బండపరుపు మీద పదకొండు ప్రదక్షిణాలు చేశాడు. మర్నాడు పొద్దున్న కూతురు చూసేవరకు అరికాళ్ళు రెండూ బొబ్బలెక్కిన సంగతి ఆయనకు తెలియదు. మా దగ్గరకు వచ్చింది మరో ఆరు రోజులకు. ఇన్నాళ్ళెందుకు ఆగావయ్యా అంటే, "నొప్పి లేదు కదండీ డాక్టరు గారూ, నొప్పుంటే రానా?" అన్నాడు. రెండు వేళ్ళు తీసేశాక గానీ పుండు మానలేదు. నొప్పి మనకు కాపలాదారు. ఆ కాపలా లేని ఇంట్లో దొంగలు పడినా తెల్లవారేదాకా తెలియదు.

ఇదంతా ఆమెకు తెలుసు. నాతో కాపురం చేసిన మనిషికి ఈ కథలు కొత్త కాదు. "అయితే బూట్లు వేసుకుని సముద్రం చూడ్డానికి అంత దూరం ఎందుకు? టీవీలో చూస్తాను" అంది. ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదనిపించింది.

చివరకు ఒక ఒప్పందానికి వచ్చాం. నడక మెత్తటి రబ్బరు అడుగున్న, నీటిలో వేసుకునే బూట్లతోనే. ఉదయం ఎండెక్కకముందు, సాయంత్రం నాలుగు తర్వాత నీటి అంచున కుర్చీ వేసుకుని, బూట్లు విప్పి, తడి ఇసుకలో పాదాలు పెట్టుకోవచ్చు. ముందుగా ఆ కాస్త జాగాను నా చేతులతో కెలికి గవ్వపెంకులు, పగడపు ముక్కలు ఏరెయ్యాలి, వేడి చూడాలి. రాత్రి పడుకోబోయే ముందు రెండు పాదాలు నేను పరీక్షించాలి. అన్నిటికీ ఒప్పుకుంది గానీ, చివరి షరతు దగ్గర మొహమాటపడింది. ఎందుకో తర్వాత తెలిసింది.

చెన్నై నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ ఆటో అబ్బాయి పాత పేరే వాడాడు. మేము మాట్లాడుకోవడం విని వెనక్కి తిరిగి, "ఏ ఊరండీ మనది?" అన్నాడు. తాతగారు ఇచ్ఛాపురం దగ్గర పల్లె నుంచి చేపల వేటకు వచ్చి ఇక్కడే ఉండిపోయారట. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. సెల్యులర్ జైలు చూశాం. 1906లో పూర్తయిన ఆ కట్టడంలో మొదట ఏడు విభాగాలు, 698 గదులు ఉండేవి. ఇప్పుడు మిగిలినవి మూడు విభాగాలే. అక్కడి మెట్లు మోకాళ్ళ నొప్పులున్నవారు తీరిగ్గా ఎక్కాలి. ఆ చోటి గురించి విడిగా రాయాలి, ఇక్కడ ఇమడదు.

అక్కడి నుంచి పడవలో స్వరాజ్ ద్వీప్ చేరాం. 2018 వరకు దాని పేరు హేవ్‌లాక్. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు పడవ ఎక్కడానికి కనీసం అరగంట ముందే మాత్ర వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకున్న మాత్ర వాంతిలోనే పోతుంది. ఆ మాత్రలు మగతనిస్తాయి, ప్రోస్టేటు ఇబ్బంది ఉన్న మగవారికి మూత్రం బిగబట్టవచ్చు. అందుచేత మీ వైద్యుణ్ణి ముందుగానే అడగండి.

అండమాన్‌లో గడియారం మనదే, సూర్యుడు మాత్రం మనవాడు కాదు. జనవరిలోనే ఆరు గంటలలోపు తెల్లవారుతుంది, సాయంత్రం అయిదున్నరకల్లా పొద్దుగూకుతుంది. ఆకలి, నిద్ర వేళలన్నీ ముందుకు జరుగుతాయి. మధుమేహం మాత్రలు వేసుకునేవారు ఈ సంగతి చిన్నదిగా తీసుకోరాదు. గ్లిమెపిరైడ్ వంటి మాత్ర వేసుకున్నాక భోజనం ఆలస్యమైతే చక్కెర పడిపోతుంది. అక్కడి చిన్న హోటళ్ళలో మనం అడిగాక పొయ్యి వెలిగిస్తారు. పైగా పొడి ఇసుకలో నడవడానికి గట్టి నేల మీద కంటే దాదాపు రెట్టింపు శక్తి కావాలి. రెండో రోజు పదకొండు గంటలకు ఆమెకు ఒళ్ళంతా చెమట పట్టింది. ఎండ వల్ల అనుకోవచ్చు. కానీ, ఎప్పుడూ లేనిది, మంచినీళ్ళు తెచ్చిన కుర్రాణ్ణి విసుక్కుంది. అనుమానం వచ్చి గ్లూకోమీటరుతో చూస్తే 62. జేబులో ఉన్న గ్లూకోజు పొడి మూడు పెద్ద చెంచాలు నీళ్ళలో కలిపి తాగించాను. పావుగంట తర్వాత చూస్తే 98. తర్వాత రెండు బిస్కట్లు తినిపించాను. చెమట, చిరాకు, చేతి వణుకు కలిసి వస్తే ఎండను తిట్టుకునే ముందు చక్కెర చూసుకోండి. మీటరు లేకపోతే చూసేదాకా ఆగకుండా తీపి ఇచ్చేయండి.

కొబ్బరినీళ్ళ గురించి ఎవరో ఒకరు అడుగుతారు కనుక చెబుతున్నాను. దాహానికి మంచిదే. కానీ అందులో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు దెబ్బతిన్నవారు, టెల్మిసార్టాన్ వంటి రక్తపోటు మందులు వాడేవారు రోజుకు మూడు నాలుగు బొండాలు తాగకూడదు. ఆమెకు రోజుకొకటి అని లెక్క పెట్టాను. నాకు లెక్క ఆమె పెట్టింది.

రాధానగర్ తీరం పడమటి ముఖంగా ఉంటుంది. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా ఉత్తమ తీరమని మెచ్చుకున్నది దీనినే. ఒడ్డు వెంట ఆకాశాన్నంటే చెట్లు, వాటి నీడ, తర్వాత పిండిలాంటి తెల్ల ఇసుక. రెండో సాయంత్రం ఆమె కుర్చీలో కూర్చుని పాదాలు తడి ఇసుకలో పెట్టింది. అల వచ్చి వేళ్ళను కప్పి వెళ్ళింది. "తెలుస్తోందా?" అని అడిగాను. "చీలమండ దగ్గర చల్లగా తెలుస్తోంది. కింద ఏదో ఉన్నట్టుంది, అంతే. మిగతాది నాకు గుర్తుంది" అంది. వైద్యుడిగా ఆ జవాబును నేను ఏ కేసు షీటులోనూ రాసి ఉండను.

ఆ తర్వాత నలభై అడుగులు నడిచింది, ఒట్టి కాళ్ళతో. ముందు నేను నడిచి చూసిన తడి దారిలోనే, నా చెయ్యి పట్టుకుని. దీనిని నేను ఎవరికీ సిఫారసు చేయను. రక్తప్రసరణ, పాత పుండ్లు లేకపోవడం, ఆ వేళకు ఇసుక చల్లదనం, పక్కన నేను ఉండడం, ఇవన్నీ తూచుకుని తీసుకున్న నిర్ణయం అది. ఇందులో ఏ ఒక్కటి తక్కువైనా బూట్లు విప్పనిచ్చేవాణ్ణి కాదు.

రాత్రి పరీక్ష సంగతి చెప్పాలి. మొదటి రాత్రి నేను టార్చిలైటు పట్టుకుని మంచం కింద కూర్చోగానే ఆమె పాదాలు వెనక్కి లాక్కుంది. "మీరు నా కాళ్ళు పట్టుకోవడం ఏమిటండీ, నాకు పాపం" అంది. ఏటా ఆసుపత్రి గదిలో పరీక్ష చేయించుకునే మనిషే! తెల్లకోటు ఉంటే డాక్టరు, లేకపోతే మొగుడు.

నవ్వుకున్నాను గానీ ఇది నవ్వి వదిలేసే సంగతి కాదు. మన ఆడవాళ్ళు పాదాల పుండ్లు ఎంత ఆలస్యంగా చూపిస్తారో ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో చూశాను. మగ డాక్టరు ముందు కాలు చాపడానికి సిగ్గు, ఇంట్లో భర్తచేత, కొడుకుచేత కాళ్ళు చూపించుకోవడం తప్పన్న భావం. పాదాలకు రాసుకున్న పసుపు కింద చర్మం ఎర్రబడినా కనబడదు. మెట్టెలు మరొకటి. పాదాలు ఉబ్బినప్పుడు మెట్టె వేలిని కోస్తుంది, స్పర్శ లేని వేలికి అది తెలియదు. మెట్టె కింద దాగిన పుండును కంసాలి చేత కత్తిరింపజేసి చూసిన సందర్భాలున్నాయి. తీసేయమంటే ఏ ఇల్లాలూ ఒప్పుకోదు, నేను అడగను కూడా. వదులు చేయించుకోండి. రోజూ ఒకసారి జరిపి దాని కింద చూడండి.

మూడో రాత్రి ఎడమ పాదం నాలుగో వేలి కింద గీత కనబడింది. అర అంగుళం ఉంటుంది. బూటులో దూరిన పగడపు ముక్క కోసింది. ఎప్పుడు తెగిందో ఆమెకు తెలియదు, రక్తం వచ్చిన సంగతీ తెలియదు. సబ్బుతో, మంచినీళ్ళతో బాగా కడిగి, మందు రాసి, పొడి గుడ్డ కట్టాను. టెటనస్ టీకా ఉంది. సముద్రపు నీటిలో, ముఖ్యంగా వెచ్చటి సముద్రాలలో, విబ్రియో జాతి బాక్టీరియా ఉంటుంది. మధుమేహం, కాలేయ వ్యాధులు ఉన్నవారికి గాయం గుండా అది ప్రవేశిస్తే గంటల్లో ముదరవచ్చు. గాయం చుట్టూ ఎర్రదనం పాకినా, వాపు, జ్వరం, నల్లటి బొబ్బలు వచ్చినా మర్నాటి దాకా ఆగరాదు. కాబట్టి మిగిలిన రెండు రోజులూ ఆమెకు నీళ్ళు బంద్.

"ఒక్క గీతకా ఇంత?" అంది. నేను జవాబు చెప్పలేదు. కాసేపటికి ఆమే, "ఆ ప్రదక్షిణాల ఆయన పేరేమిటన్నారు?" అని అడిగింది. పేరు గుర్తుంది, చెప్పాను. తర్వాత ఆ మాట ఎత్తలేదు.

చివరి రోజు సాయంత్రం మేజోళ్ళు, బూట్లు వేసుకుని చెట్ల నీడలో కూర్చుంది. సముద్రం అక్కడికి యాభై గజాలు. చాలాసేపు చూసి, "మీరైనా వెళ్ళి తడిసి రండి" అంది. నాకు ఈత వచ్చినా మోకాళ్ళ లోతు దాటలేదు. ఒడ్డు నుంచి లోపలికి లాగే ప్రవాహాలు ప్రశాంతంగా కనిపించే నీటిలోనే ఉంటాయి. వాటిలో చిక్కుకున్నవారు ఒడ్డుకు ఎదురీదితే అలిసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా ఈది ప్రవాహం నుంచి తప్పుకుని, ఆ తర్వాత ఒడ్డుకు రావాలి. అండమాన్ నీళ్ళలో మొసళ్ళు కూడా ఉన్నాయి. 2010లో ఇదే దీవిలో ఒక విదేశీ యువతి మొసలికి బలైంది. హెచ్చరిక బోర్డు ఉన్నచోట దిగడం ధైర్యం కాదు. తిరిగి వస్తుంటే ఆమె నా కాళ్ళ వైపు చూసి, "చల్లగా ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. ఎంత చల్లగా అని మళ్ళీ అడిగింది. మన ఇంటి నూతినీళ్ళంత అన్నాను.

గీత మానడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఇప్పటికీ రాత్రి తొమ్మిదిన్నరకు టార్చిలైటు తీస్తే ఆమె కాళ్ళు వెనక్కి లాక్కోవడం లేదు, టీవీ చూస్తూనే చాపుతుంది. మొన్న అలాగే పరీక్ష చేస్తుండగా, లక్షదీవుల్లో ఇసుక ఇంకా మెత్తగా ఉంటుందటగా అంది. అక్కడికి వెళ్ళడానికి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. దరఖాస్తు ఎలాగో కనుక్కుంటున్నాను.